వైద్యునికి దక్కేదేమిటి?

అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఎదుటి కాలిబాట మీద తెల్లవారుజామున ఒక పర్యాయం నడిచివస్తే చాలు, ఈ దేశ ప్రజల ఆరోగ్య స్థితిని గూర్చి వేరే నివేదికలు తిరగవేయవలసిన పని ఉండదు. బీహారు నుంచి, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి, ఒరిస్సా నుంచి, అప్పుడప్పుడు మన శ్రీకాకుళం, ఆదిలాబాదు జిల్లాల నుంచి కూడా వచ్చిన కుటుంబాలు ఎక్స్‌రే కవర్లను తలకింద పెట్టుకొని అక్కడ నిద్రిస్తూ ఉంటాయి. రాజకుమారి అమృత్‌కౌర్ ఆరోగ్యశాఖ మంత్రిణిగా ఉన్న కాలంలో, 1956లో పార్లమెంటు చేసిన శాసనం ద్వారా వెలసిన ఆ సంస్థ మీద సామాన్యునికి ఉన్న విశ్వాసం ఎంతటిదో ఆ కాలిబాటే చెబుతుంది. ఆ విశ్వాసానికి తగిన ఏర్పాట్లు మిగిలిన దేశంలో చేయలేకపోయిన ప్రభుత్వాల వైఫల్యాన్ని కూడా ఆ కాలిబాటే చెబుతుంది.

ఈ నెల 1వ తేదీన యథాప్రకారం వైద్యుల దినోత్సవం జరిగింది. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ జయంతి, వర్ధంతి రెండూ జూలై 1వ తేదీనే రావటం వల్ల 1991 నుంచి ఆ దినాన్ని వైద్యులకు ప్రత్యేకించారు. పూలదండలు, ఉపన్యాసాలు ముగిసిన సాయంకాలం, తెనాలి ప్రాంతానికి చెందిన నా చిరకాల మిత్రుని కుమారుడు మా ఇంటికి వచ్చాడు. ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి, పోస్టుగ్రాడ్యుయేట్ సీటు కోసం గౌతమ్‌నగర్‌లో ఒక ఇరుకు గదిలో ఉండి చదువుకుంటున్నాడు. ఆ పేటలో అటువంటి యువ వైద్యులు వందల సంఖ్యలో ఉన్నారు.

భోజనమైన తరువాత అతడు తన మనసులోని మాట బయటపెట్టాడు. "బాబాయిగారూ! నా చదువు కోసం నాన్నగారు రెండెకరాల మాగాణి అమ్మారు. ఇంటర్న్‌షిప్ కాగానే ఒక ప్రయివేటు ఆసుపత్రిలో సంవత్సరం పాటు డ్యూటీ డాక్టరుగా పనిచేశాను. నెలాఖరున ఎన్ని స్కానింగులు రాశావు, ఎంతమందిని వార్డులో చేర్చావు అని లెక్క అడిగేవారు. అవసరం లేని పరీక్ష రాయనన్నందుకు నన్ను రాత్రి డ్యూటీలకు మార్చారు. ఒకనాటి రాత్రి రోగి మరణిస్తే బంధువులు నా చొక్కా పట్టుకున్నారు. అసలీ వృత్తిలో మనిషికి మిగిలేదేమిటి?" అన్నాడు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అప్రస్తుతం. అటువంటివి ప్రతి పట్టణంలోనూ ఉన్నవి.

నేను వైద్యుణ్ణి కాను. అప్పటికప్పుడు సమాధానం తోచలేదు. కాని ఢిల్లీలో పాతికేళ్ళుగా ఆరోగ్య మంత్రులనూ, సంఘాల నివేదికలనూ, పార్లమెంటు చర్చలనూ గమనిస్తూ వచ్చినవాడిగా ఆ ప్రశ్నను తప్పించుకోవటం భావ్యం కాదనిపించింది. ఆ యువకునికి తరువాత చెప్పిన మాటలనే ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఆ వైద్యానికి మనం పెట్టుకున్న పేర్లు చూడండి. పల్లెల్లో 'ఇంగ్లీషు మందు' అంటారు. పట్టణాల్లో 'అల్లోపతి' అంటారు. ఈ రెండవ పేరు ఆ వైద్యులు పెట్టుకున్నది కాదు. హోమియోపతిని స్థాపించిన జర్మను వైద్యుడు హానిమన్ తన కాలపు వైద్యులను ఎత్తిపొడవటానికి కల్పించిన మాట అది. నేటి వైద్యానికి దేశం లేదు, జాతి లేదు. ఒక సిద్ధాంతానికి కట్టుబడి ఉండటం కూడా దాని లక్షణం కాదు. ఏ చికిత్సనైనా అది మూడు ప్రశ్నలు అడుగుతుంది. దీనివల్ల గుణం కనిపించిందా? ఆ గుణం ఈ మందువల్లనే వచ్చిందా, లేక దానంతటదే వచ్చిందా? మేలుకంటె కీడు అధికమా? ఈ ప్రశ్నలకు గురువు మాట ప్రమాణం కాదు, ప్రాచీన గ్రంథం ప్రమాణం కాదు, వైద్యుని కీర్తి కూడా ప్రమాణం కాదు. రోగులను లెక్కించి, పోల్చి, ఆ లెక్కను లోకం ముందు పెట్టటమే ప్రమాణం.

ఈ తత్త్వం ఎక్కడో లండనులోనో, బోస్టనులోనో మాత్రమే ఆచరణలో ఉన్నదనుకుంటే పొరపాటు. 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి కలిసి క్షయ చికిత్సా కేంద్రాన్ని నెలకొల్పాయి. ఆనాడు క్షయ సోకినవాడు శానిటోరియంకు పోవాలి. మంచి గాలి, మంచి ఆహారం, పూర్తి విశ్రాంతి లేనిదే ఆ జబ్బు నయం కాదన్నది వైద్య లోకంలో వేదవాక్యం. మన మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం వెలసినది కూడా ఆ నమ్మకంతోనే. కాని దేశంలో ఉన్న రోగులకు శానిటోరియం మంచాలు ఏ మూలకు చాలేవి? మద్రాసు కేంద్రం వారు నగరంలోని నిరుపేద రోగులను 193 మందిని తీసుకొని, చీటీలు వేసిన తీరున ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేకుండా రెండు భాగాలుగా విభజించారు. ఒక భాగం శానిటోరియంకు వెళ్ళింది. మరొక భాగం తమ ఇరుకు ఇళ్ళలోనే ఉండి, ఏడాది పాటు అవే మాత్రలు మింగింది.

1959లో ఫలితాలు వెలువడినవి. ఇంటివద్ద ఉన్నవారు తక్కువ తిన్నారు, ఎక్కువ పని చేశారు, పదిమందితో కలిసి ఒకే గదిలో పడుకున్నారు. అయినప్పటికీ దాదాపు శానిటోరియం రోగులంతగానూ కోలుకున్నారు. అదనంగా, ఇంటిల్లిపాదికీ జబ్బు అంటుకుంటుందన్న భయం కూడా నిరాధారమని తేలింది. క్రమం తప్పకుండా మింగిన మందే ప్రధానమని, మేడలూ మిద్దెలూ కాదని ఆ లెక్క నిరూపించింది. 1962లో ప్రారంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమానికి అదే పునాది అయింది. ఇతర దేశాలు కూడా శానిటోరియంల తలుపులు మూయటానికి మద్రాసు పేదల ఊపిరితిత్తులు సాక్ష్యం పలికాయి. పెద్దల మాటను లెక్కతో కాదనగలగటం ఈ వైద్యానికి ఉన్న మొదటి గౌరవం.

రెండవ గౌరవం తన ఓటమిని తానే చాటుకోవటం. 1968లో చెంగల్పట్టు జిల్లాలో బి.సి.జి. టీకా మీద మహాపరీక్ష ఆరంభమైంది. రెండున్నర లక్షలకు పైగా జనాన్ని అందులో చేర్చారు. టీకా ఉపకరిస్తుందన్న విశ్వాసంతోనే ఆ పని ప్రారంభించారు. ప్రభుత్వానికీ అదే కావాలి. దశాబ్దం గడిచి లెక్కలు చూచుకుంటే, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయ నుంచి ఆ టీకా రక్షణ ఇవ్వలేదని తేలింది. ఆ సంగతిని ఏ బీరువాలోనూ దాచలేదు. 1979-80లో ప్రపంచం యావత్తూ చదివేటట్లు ప్రచురించారు. పసిపిల్లల్లో మెదడుకు సోకే క్షయ వంటి తీవ్రమైన రూపాలను నిరోధించటానికి ఆ టీకాను నేటికీ వేస్తున్నారు. తమ పథకం విఫలమైందని లెక్కలతో సహా ప్రకటించిన మంత్రిత్వ శాఖను నేను ఈ నగరంలో ఇంతవరకు చూడలేదు.

మూడవ ఉదాహరణ మన ఇరుగుపొరుగుకు సంబంధించినది. 1971లో తూర్పు బెంగాలు నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు, బనగాఁవ్ శిబిరంలో కలరా చెలరేగింది. నేల మీద, వాంతులలో, విరేచనాలలో మనుషులు పడి ఉన్నారు. నరానికి ఎక్కించే సెలైను సీసాలు అయిపోవచ్చినవి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంట సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువుల చేతనే తాగించసాగాడు. అంతకుముందు ఢాకాలోనూ, కలకత్తాలోనూ ఆసుపత్రులలో చిన్న ఎత్తున పరీక్షింపబడిన సంగతినే ఆయన ఆపత్కాలంలో వేలమందికి వర్తింపజేశాడు. నూటికి ముప్పయిగా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆ ఫలితాన్ని 1973లో ప్రచురించాడు గాని, ఆ నీటి మీద హక్కు పత్రమేదీ పొందలేదు. నేడు మన పల్లెలలో ఆశా కార్యకర్త చేతి సంచిలో ఉండే ఓ.ఆర్.ఎస్. పొట్లం కథ అది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ గౌరవం ఆయన జీవించి ఉండగా అందలేదు.

ఇక మన తెలుగువాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులను స్ప్రూ అనే గ్రహణి వ్యాధి కొద్ది రోజుల ఎడంతో కబళించింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆయన తెల్లదొర ప్రొఫెసరు ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి పట్టాతో బయటపడవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, ఆ తరువాత అమెరికా చేరాడు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలుకు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, పిల్లల రక్త క్యాన్సరుకు వాడిన తొలి మందు అమినాప్టరిన్ - వీటన్నిటి వెనుక ఆయన నడిపిన పరిశోధనాలయం ఉన్నది. 1948లో, 53వ ఏట మరణించాడు. హెట్రజాన్ మాత్రలు నేటికీ మన జిల్లాలలో ఇంటింటికీ తిరిగి పంచుతున్నారు. ఆ మాత్ర మింగేవారిలో నూటికి తొంభై మందికి సుబ్బారావు పేరు తెలియదు. వైద్యునికి దక్కే ప్రతిఫలం స్వరూపం అది. పేరు మరుగున పడినా పని నిలిచి ఉంటుంది.

ఇన్ని చెప్పినా, కడుపు నిండని ఆదర్శం ఎవరికి? వైద్యుడు కూడా సంసారియే. బిధాన్ చంద్ర రాయ్ వైద్యంలో పుష్కలంగా ఆర్జించినవారే. కాని పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి అయిన తరువాత కూడా ప్రతి ఉదయమూ కొందరు పేద రోగులను ఉచితంగా పరీక్షించిన తరువాతనే ఆయన సచివాలయానికి వెళ్ళేవారని ప్రసిద్ధి. ఆ గంటలో ఆయనకు దక్కినది ముఖ్యమంత్రి పదవి ఇవ్వలేనిది అయి ఉండాలి. ఎదుట కూర్చున్న మనిషి చెప్పేది వినటం, నాడి చూడటం, తప్పు చేయకుండా జాగ్రత్తపడటం, తప్పు జరిగితే ఒప్పుకోవటం, మరునాడు ఆ మనిషి లేచి నడిచి రావటం - ఈ తృప్తి మరే ఉద్యోగంలోనూ ఇంత సూటిగా లభించదు.

ఇక్కడ ఒక వివాదాన్ని దాటవేయటం న్యాయం కాదు. ఆయుర్వేద పోస్టుగ్రాడ్యుయేట్లు 58 రకాల శస్త్రచికిత్సలు చేయవచ్చునంటూ 2020 నవంబరులో వెలువడిన ప్రకటన మీద వైద్యుల సంఘం డిసెంబరు 11న దేశవ్యాప్తంగా విధులు నిలిపివేసింది. విద్యార్థుల చేత హిపోక్రటీసు శపథం చేయించాలా, చరక శపథం చేయించాలా అన్న తగవు 2022లో మదురై వైద్య కళాశాల డీనును తాత్కాలికంగా పదవి నుంచి తప్పించేదాకా పోయింది. శపథం ఏ భాషలో చేశారన్నది రోగికి అనవసరం. దేశాభిమానమూ, శాస్త్రమూ పరస్పరం శత్రువులని చెప్పేవారు సర్పగంధ చరిత్ర చదవాలి. తరతరాలుగా మన వైద్యులు ఎరిగిన ఆ వేరును బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటు రోగుల మీద పరీక్షించి, 1949లో బ్రిటిషు హృద్రోగ పత్రికలో లెక్కలతో ప్రచురించాడు. ఆ తరువాత ప్రపంచమంతా దానిని వాడింది. ఏ వైద్యమైనా ఈ ద్వారం గుండా రావచ్చు. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే కావాలి. పరీక్షకు నిలబడనిదానిని జాతీయత పేరిట రోగికి అంటగట్టటం ద్రోహం.

అయితే ఆధునిక వైద్యం తన ఇంటిని కూడా చక్కదిద్దుకోవాలి. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో విషపూరితమైన గ్లిసరిన్ వల్ల 14 మంది మరణించారు. లెంటిన్ కమిషను విచారణలో మందుల కొనుగోలులోని అవినీతి అంతా బయటపడింది. దాదాపు నలభై సంవత్సరాల తరువాత, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గు మందు తాగిన పసిపిల్లలను బలిగొన్నది కూడా అదే విషం - డై ఇథిలీన్ గ్లైకాల్. శాస్త్రానికి ఈ విషాన్ని కనిపెట్టటం తెలియక కాదు. తనిఖీ చేయవలసినవారు చేయకపోవటం వల్ల. మందులను వాటి రసాయన నామంతోనే రాయాలని జాతీయ వైద్య కమిషను 2023 ఆగస్టులో నిబంధన తెచ్చి, అదే నెలలో నిలిపివేసింది. నాణ్యత మీద ప్రభుత్వమే హామీ ఇవ్వలేనప్పుడు వైద్యుడు చవక మందు ఏ ధైర్యంతో రాస్తాడు?

చదువు సంగతి చెప్పనే అక్కరలేదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లోనే చట్టం చేసింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు విచారించినది మన రాష్ట్రం పేరు మీద నడిచిన వ్యాజ్యాన్నే. ఆ తీర్పులోని ఏర్పాటు 2002లో మరొక తీర్పుతో మారిపోయింది. ఫీజుకు పేర్లు మారినవి గాని మాగాణులు అమ్ముడుపోవటం ఆగలేదు. తండ్రి పొలం అమ్మి చదివించిన వైద్యుడు ఆ పొలాన్ని రోగి దగ్గర నుంచి తిరిగి కొనుక్కోవాలని చూస్తే తప్పు ఒక్క అతనిదేనా?

అతని చొక్కా పట్టుకున్న బంధువులది మాత్రం నిస్సందేహంగా తప్పు. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నిర్లక్ష్యం జరిగితే అడగటానికి చోటున్నది. 2020లో, మహమ్మారి కాలంలో, వైద్య సిబ్బంది మీద దాడిని బెయిలు లేని నేరం చేస్తూ అంటువ్యాధుల చట్టాన్ని సవరించారు. కాని అది ఆ కాలపు అవసరానికి పరిమితమైనది. 2024 ఆగస్టులో కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో విధి నిర్వహణలో ఉన్న యువ వైద్యురాలు అత్యాచారానికీ, హత్యకూ గురి అయినప్పుడు, సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకొని జాతీయ కార్యదళాన్ని నియమించవలసి వచ్చింది. ముప్పయి ఆరు గంటలు మేలుకొని పనిచేసే వైద్యురాలికి నడుము వాల్చటానికి ఒక తాళం ఉన్న గది లేని దేశంలో సేవాధర్మాన్ని గూర్చి ఉపన్యాసాలిచ్చే అర్హత ఏ నాయకునికి ఉన్నది?

డబ్బు చెల్లించలేని కారణంగా ఏ పౌరుడికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. అత్యధిక జనం నివసించే పల్లెల నుంచి ఆరోగ్య వ్యవస్థను నిర్మించాలన్నది. ప్రభుత్వం ఆరోగ్యం మీద చేసే వ్యయం 2025 నాటికి జాతీయోత్పత్తిలో రెండున్నర శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యం పెట్టుకున్నది. 2025 గడచిపోయింది. లక్ష్యం అందలేదు. చెంగల్పట్టు శాస్త్రజ్ఞుల వలె లెక్క బయటపెట్టి, 'మేము తప్పాము, కారణం ఇది' అని పార్లమెంటులో చెప్పటం కనీస మర్యాద. బీమా కార్డులు ఆపరేషను ఖర్చును ఆదుకోవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యుణ్ణి అవి కూర్చోబెట్టలేవు.

ఈ మాటలన్నీ విని ఆ యువకుడు నవ్వాడు. ఒప్పుకున్నాడో లేదో చెప్పలేను. గౌతమ్‌నగర్ దాకా సాగనంపుదామని నేను కూడా బయలుదేరాను. ఆసుపత్రి ఎదుటి కాలిబాట మీద ఒక ముసలాయన మందుల చీటీ పట్టుకొని దారిన పోయేవారిని ఆపుతున్నాడు. మావాడు ఆగి, ఆయన పక్కన గొంతుకు కూర్చున్నాడు. వచ్చీరాని హిందీలో ఏ మాత్ర పరగడుపున, ఏది భోజనం తరువాత అని చెప్పి, పొట్లాల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇచ్చాడు. పది నిమిషాలు పట్టింది. ముసలాయన చేతులు జోడించాడు. అతడు లేచి వచ్చిన తరువాత, ఇల్లు చేరేదాకా తన ప్రశ్నను మరి ఎత్తలేదు.

ప్రతి సంవత్సరం ఇటువంటి యువకులు వేల సంఖ్యలో పట్టాలు పుచ్చుకొని బయటికి వస్తున్నారు. ఆ పది నిమిషాల విలువ వారికి తెలుసు. దానిని నెలాఖరు లెక్కలకూ, అప్పుల వాళ్ళకూ, అల్లరి మూకలకూ అప్పగించకుండా కాపాడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. వారి మంచితనం మీదనే భారం వేసి ఎన్ని వైద్యుల దినోత్సవాలు జరిపినా, ఆ కాలిబాట మీది జనం తగ్గరు.